శాలువా వెనక ఫైలు: విశ్వవిద్యాలయం తనవాళ్లను గౌరవించాలంటే

1952 జూన్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్‌కు గౌరవ ఎల్‌ఎల్.డి. (న్యాయశాస్త్ర డాక్టరేట్) ఇచ్చింది. ఏడు నెలలు తిరిగేసరికి, 1953 జనవరి 12న, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డి.లిట్. (సాహిత్య డాక్టరేట్) ఇచ్చింది. పేపర్లో చదివేవాళ్లకు రెండూ ఒకే రకం వార్తలు. కానీ కొలంబియాలో ఆయన చదువుకున్నారు: 1915లో ఎం.ఏ., 1927లో పీహెచ్‌డీ. అక్కడ సన్మానించింది తన పాత విద్యార్థిని. ఉస్మానియాలో ఆయన చదవలేదు, పాఠాలూ చెప్పలేదు. ఒక విశ్వవిద్యాలయం బయటి మనిషి గొప్పతనాన్ని గుర్తించి తన పట్టా చేతికిచ్చింది. మొదటిది ఇంటివాళ్ల మర్యాద, రెండోది ఊరివాళ్ల మర్యాద. ఈ తేడా తెలియకే సన్మాన సంఘాలు సగం చిక్కుల్లో పడతాయి.

విశ్వవిద్యాలయాల్లో 'సన్మానం' అన్న ఒక్క మాట కింద వేర్వేరు పనులు నడుస్తుంటాయి. గౌరవ డాక్టరేట్, రిటైరైన అధ్యాపకులకిచ్చే ఎమెరిటస్ హోదా, ఎవరి పేరు మీదో పెట్టే పతకమో స్మారకోపన్యాసమో, భవనానికి పేరు పెట్టడం, విశిష్ట పూర్వ విద్యార్థి పురస్కారం. ఒక్కోదానికి ఒక్కో నిబంధన, ఒక్కో రకం డబ్బు, ఒక్కో ఆయుష్షు. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోయినప్పుడే తగాదాలు వస్తాయి.

గౌరవ డాక్టరేట్ పట్టా కాబట్టి దాని వెనక చట్టం ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం (1956) 22వ సెక్షన్ ప్రకారం పట్టాలిచ్చే హక్కు మూడు రకాల సంస్థలకే ఉంది: కేంద్ర లేదా రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, 3వ సెక్షన్ కింద డీమ్డ్ (విశ్వవిద్యాలయంతో సమానమన్న) హోదా పొందినవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చినవి. పూర్వ విద్యార్థుల సంఘానికి ఈ హక్కు లేదు. హోటల్ హాల్లో గౌన్లు తొడిగి డాక్టరేట్లు పంచే సంస్థలకు అసలే లేదు. మరి అవి అంత ధైర్యంగా ఎలా నడుస్తున్నాయంటే, 24వ సెక్షన్ కింద జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. 1956 నాటి వెయ్యి అది. ఇవాళ ఆ గౌను అద్దెకు సరిపోతుందేమో.

అసలైన విశ్వవిద్యాలయంలో గౌరవ పట్టా దారి పొడుగ్గానే ఉంటుంది. ప్రతిపాదన కమిటీకి వెళ్తుంది, అక్కడి నుంచి పాలకమండలికి, ఆ తర్వాత కులపతి ఆమోదానికి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కులపతి స్థానంలో మామూలుగా గవర్నర్ ఉంటారు కాబట్టి ఫైలు గవర్నర్ కార్యాలయానికి వెళ్లి రావాలి. స్నాతకోత్సవం మూడు వారాల్లో ఉందనగా పేరు తట్టి ఫైలు కదిపితే జరిగేది ఊహించుకోవచ్చు: ఆమోదం రాదు, ఆహ్వాన పత్రిక మాత్రం అచ్చయి ఉంటుంది. నాలుగు నెలలైనా చేతిలో ఉంచుకోవాలి. అందుకే ఈ పట్టాలు అరుదుగా వస్తాయి, రావాలి కూడా. ఉస్మానియా 2001 తర్వాత మళ్లీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 2022లోనే, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణకు. 2023లో అడోబ్ అధిపతి శంతను నారాయణ్‌కు ఇచ్చింది. ఆయన ఉస్మానియా ఇంజినీరింగ్ విద్యార్థే, అంటే ఈసారి ఇంటివాడు.

గౌరవ డాక్టరేట్ వచ్చినవాళ్లు పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోవచ్చా? రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసినా సైనిక, విద్యా సంబంధమైన గౌరవాలను మినహాయించింది కాబట్టి పట్టా ఇవ్వడంలో తప్పు లేదు. పేరు ముందు పెట్టుకోకపోవడం విద్యారంగంలో స్థిరపడిన మర్యాద. రాసుకోవలసి వస్తే పేరు తర్వాత రాసి, గౌరవ పట్టా అని స్పష్టం చేయాలి. ఉద్యోగానికీ పదోన్నతికీ అది పీహెచ్‌డీ లెక్కలోకి రాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఈ చిక్కును మొదట్లోనే అందంగా తప్పించింది. తన గౌరవ పట్టాల్లో ఒకదానికి 'కళాప్రపూర్ణ' అని పేరు పెట్టుకుంది. 'కళాప్రపూర్ణ గుర్రం జాషువా' అంటే ఆయన పరిశోధన చేసి డాక్టరయ్యారని ఎవరూ పొరబడరు.

గౌరవ పట్టాలే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు ఇవ్వవు. ఇచ్చేచోట కాదనే హక్కు నిజంగా ఎవరికో ఒకరికి ఉండాలి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన బ్రిటన్ ప్రధానులకు గౌరవ పట్టా ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. 1985లో మార్గరెట్ థాచర్ పేరు వచ్చినప్పుడు, విద్యకు నిధులు కోశారన్న కోపంతో అధ్యాపకులు 738–319 ఓట్లతో తోసిపుచ్చారు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. ఓటింగులో ఓడిపోయే అవకాశం ఉంది కాబట్టే అక్కడ గెలిచిన పట్టాకు విలువ.

ఇక పదవీ విరమణ చేసిన అధ్యాపకుల సంగతి. ఎమెరిటస్ ప్రొఫెసర్ అంటే పదవి కాదు, జీతమూ ఉండదు. పనిచేసిన శాఖలో పేరు కొనసాగుతుంది, అంతే. పరిశోధన సాగించేవాళ్లకు జీవనభృతి కావాలంటే వేరే పథకానికి దరఖాస్తు చేసుకోవాలి. 2022లో యూజీసీ ప్రకటించిన విశ్రాంత అధ్యాపకుల ఫెలోషిప్‌లో నెలకు 50,000 రూపాయలు, దేశం మొత్తానికి 100 స్థానాలు. ఉత్తర్వులో నాలుగు విషయాలు రాయకపోతే ఎమెరిటస్ హోదా ఉత్త కాగితమే: గది ఉందా, లైబ్రరీ, జర్నళ్ల లాగిన్ ఉంటుందా, ఈమెయిల్ కొనసాగుతుందా, కాలపరిమితి ఎంత. చాలాచోట్ల రిటైరైన నెలకే కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఈమెయిల్ ఆపేస్తారు. తన వ్యాసాల మీద ముద్రించిన చిరునామా పనిచేయని మనిషికి ఎమెరిటస్ అన్న మాట ఎందుకు? పరిశోధక విద్యార్థుల విషయంలోనూ భ్రమలుంటాయి. 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం రిటైరైనవారు సహ పర్యవేక్షకులుగా కొనసాగవచ్చు, అదీ 70 ఏళ్ల వరకే. కొత్త విద్యార్థుల్ని సొంతంగా తీసుకోవడం కుదరదు.

ఈ గౌరవాలన్నీ అధ్యాపకులకే. కెమిస్ట్రీ ల్యాబ్‌కు గాజు పరికరాలు ఊది చేసిచ్చినవాళ్లు, బోటనీలో ఎండబెట్టిన మొక్కల నమూనాలు ముప్పై ఏళ్లు పురుగు పట్టకుండా కాపాడినవాళ్లు, తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాసి నిలబెట్టినవాళ్లు ఏ జాబితాలోనూ కనిపించరు. నామినేషన్ పత్రంలో 'ప్రచురణలు' అన్న గడి ఉన్నంతకాలం కనిపించరు కూడా. వాళ్లకు వేరే పత్రం కావాలి. అందులో అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈయన లేకపోతే ఏ పని ఆగిపోయేది? దానికి ముగ్గురు పరిశోధకుల సంతకాలు చాలు.

డబ్బుతో ముడిపడిన గౌరవాల్లో లెక్క తప్పితే అభాసుపాలవుతాం. పతకమే తీసుకుందాం. 2000లో ఒక శిష్యబృందం తమ గురువు పేరు మీద బంగారు పతకానికి 50,000 రూపాయల ధర్మనిధి (అసలు ముట్టకుండా వడ్డీ మాత్రం వాడే నిధి) పెట్టిందనుకోండి. అప్పట్లో బ్యాంకు వడ్డీ పది శాతం చుట్టూ ఉండేది, ఏటా 5,000 వచ్చేది. పది గ్రాముల మేలిమి బంగారం సుమారు 4,400. పతకం వచ్చేది, కూలీకి ఆరు వందలు మిగిలేది. 2025లో అదే 50,000 మీద ఆరున్నర శాతం చొప్పున వచ్చేది 3,250. పది గ్రాముల బంగారం లక్ష దాటింది. అంటే ఏడాది వడ్డీకి గ్రాములో మూడో వంతైనా రాదు, ముక్కుపుడకకు సరి. అందుకే 'బంగారు పతకం' పేరున చేతిలో పెట్టేది బంగారు పూత పూసిన వెండో, ఇత్తడో అవుతుంది. తప్పు విశ్వవిద్యాలయానిది కాదు, దాతదీ కాదు. వడ్డీ మొత్తం ఏటా ఖర్చు పెట్టేయవచ్చని రాసుకున్న ఒప్పందానిది.

సరైన లెక్క వేరు. వడ్డీ ఏడు శాతం, ధరల పెరుగుదల అయిదు శాతం అనుకుంటే నిజంగా ఖర్చు పెట్టదగ్గది రెండు శాతమే. మిగతా అయిదూ అసలులో కలిపేయాలి. స్మారకోపన్యాసానికి వక్త ప్రయాణం, బస, గౌరవ పారితోషికం, ప్రసంగ ముద్రణ కలిపి ఏడాదికి 60,000 అవుతుందనుకుంటే కావలసిన మూలధనం 30 లక్షలు. ఆ అంకె వినగానే చాలా సంఘాలు వెనక్కి తగ్గుతాయి. తగ్గనక్కర్లేదు. ఏటా కాకుండా మూడేళ్లకోసారి ఉపన్యాసం పెట్టుకుంటే పది లక్షలతో సరిపోతుంది. రెండు లక్షలతో ఏటా జరిపిస్తామని మొదలుపెట్టి ఆరో ఏట ఆగిపోవడం కంటే మూడేళ్లకోసారి ఘనంగా జరపడమే ఆ గురువుకు మర్యాద. ఉపన్యాసం బాగా జరిగితే ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే 1933 గుర్తు చేసుకోవాలి. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరున ఉన్న ఉపన్యాసాలకు రవీంద్రనాథ్ ఠాగూర్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆ ప్రసంగాలను విశ్వవిద్యాలయం పుస్తకంగా వేసింది. వేదిక, పూలదండలు ఎవరికీ గుర్తులేవు, పుస్తకం మాత్రం ఉంది. ముద్రణ ఖర్చు బడ్జెట్లో ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

ధర్మనిధి ఒప్పందంలో మరచిపోయే వాక్యం ఒకటుంది: ఆ కోర్సు ఆగిపోతే ఏం చేయాలి? ఫలానా పేపర్లో అత్యధిక మార్కులు తెచ్చుకున్నవారికి అని రాసి ఉంటుంది. సిలబస్ మారి ఆ పేపరే ఉండదు. పతకం మూలనపడుతుంది, డిపాజిట్ రెన్యువల్ మర్చిపోతారు. 'ఆ విషయం బోధన నిలిచిపోతే దానికి అతి దగ్గరి విషయంలో ఇచ్చేందుకు పాలకమండలికి అధికారం ఉంటుంది' అని ఒక్క వాక్యం ముందే రాసుకోవాలి.

అమెరికాలో ఉన్న శిష్యులు డబ్బు పంపేటప్పుడు పౌరసత్వం చూసుకోవాలి. భారత పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపేది, భారత ప్రభుత్వం వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ తప్పనిసరిగా ఉండే ప్రభుత్వ చట్టబద్ధ సంస్థలకు మినహాయింపు ఉంది. మన విశ్వవిద్యాలయం అందులోకి వస్తుందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే చందా పుస్తకం తెరవాలి. పూర్వ విద్యార్థుల సంఘం వేరే సొసైటీ అయితే ఆ మినహాయింపు దానికి రాదు.

విశిష్ట పూర్వ విద్యార్థి పురస్కారం చూడటానికి అన్నిటికంటే తేలిక. పట్టా కాదు కాబట్టి గవర్నర్ దాకా పోనక్కర్లేదు. కానీ అసలు పూర్వ విద్యార్థి అంటే ఎవరన్న దగ్గరే మెలిక ఉంది. మన దగ్గర అనుబంధ కళాశాలల పద్ధతి కాబట్టి పట్టా మీద విశ్వవిద్యాలయం పేరుంటుంది, చదివింది ఏ గుంటూరులోనో భీమవరంలోనో. పైగా విశ్వవిద్యాలయాలే చీలాయి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని పరిధి విశాలం. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, 1976లో నాగార్జున వచ్చాయి. ఉస్మానియా పీజీ సెంటర్‌గా ఉన్న వరంగల్ 1976లో కాకతీయ అయింది. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీ 1946లో మొదలై, 1972లో జేఎన్‌టీయూ ఏర్పడేదాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేది. 1965లో అక్కడ చదివిన ఇంజినీరు ఎవరి పూర్వ విద్యార్థి? పట్టా చూస్తే ఆంధ్రా, ప్రాంగణం చూస్తే జేఎన్‌టీయూ కాకినాడ. ఇద్దరూ ఆయన్ని తమవాడే అంటారు, తప్పులేదు. నిబంధనల్లో 'పట్టా పొందినవారు లేదా ప్రాంగణంలో కనీసం ఒక విద్యా సంవత్సరం చదివినవారు' అని నిర్వచనం రాసుకుంటే సరి. ఇలా రాస్తే చదువు మధ్యలో మానేసినవాళ్లకూ తలుపు తెరిచినట్టే. తెరవాలి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి బహిష్కరణకు గురైన విద్యార్థులు నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేశారు, వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. పట్టా ఒక్కటే కొలబద్ద అయితే ఆ తరం మొత్తం జాబితాలోంచి జారిపోతుంది.

తర్వాత పాత రికార్డుల్లో మనిషిని పట్టుకోవడం. నామినేషన్ వచ్చినవారు నిజంగా ఇక్కడ చదివారా అని పరీక్షల విభాగం రిజిస్టర్లో చూడాలి. తెలుగువాళ్ల పేర్లతో ఇదో యజ్ఞం. రిజిస్టరు ఇంగ్లిషులో ఉంటుంది, ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. ఒక్క 'చౌదరి'కే నాలుగైదు స్పెల్లింగులు. 1974లో పుట్టింటి ఇంటిపేరుతో పట్టా తీసుకున్న అమ్మాయి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుని అమెరికా వెళ్తే అక్కడి పద్ధతి ప్రకారం ఆ కొత్త ఇంటిపేరు చివరికి చేరుతుంది. ఇప్పటి పేరుతో వెతికితే రిజిస్టర్లో ఆవిడ లేనట్టే. దాంతో ఆడవాళ్ల నామినేషన్లే ఎక్కువగా 'రికార్డు దొరకలేదు' అని పక్కకు పోతాయి. మందు సులువే: నామినేషన్ పత్రంలో 'పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు', 'తండ్రి పేరు', 'హాల్‌టికెట్ నంబరు లేదా పాసైన సంవత్సరం' అని మూడు గడులు పెట్టాలి. మూడోది లేకపోయినా మొదటి రెండిటితో చాలావరకు దొరుకుతారు.

ఎంపిక కమిటీలో ఏడుగురు ఉంటే ముగ్గురైనా బయటివాళ్లు ఉండటం మేలు. బంధుత్వం, వ్యాపార సంబంధం ఉన్న సభ్యుడు ఆ పేరు చర్చకు వచ్చినప్పుడు గది బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. శాస్త్రవేత్తల విషయంలో ఉపసంహరించుకున్న వ్యాసాలు ఉన్నాయేమో, ఎవరి విషయంలోనైనా కోర్టు కేసులు నడుస్తున్నాయేమో చూడాలి. విరాళం అడగబోతున్న మనిషికి అదే ఏడాది పురస్కారం ఇవ్వకూడదు. పురస్కారం ఇచ్చాక కనీసం ఏడాదిపాటు చేయి చాపకూడదు. ఈ నియమం పెట్టుకున్న కమిటీకి మొదటి రెండేళ్లు నిధులు తగ్గుతాయి. ఆ తర్వాత పురస్కారానికి పేరు వస్తుంది. ఎంపికైనవారి అంగీకారం రాతలో అందాకే ప్రకటించాలన్నది ఎంత చిన్న విషయమో, దాన్ని అంత తరచుగా మర్చిపోతుంటారు.

సంఖ్య కూడా ముఖ్యం. వేదిక మీదికి పిలవడం, ప్రశంసాపత్రం చదవడం, శాలువా, జ్ఞాపిక, ఫొటో కలిపి మనిషికి అయిదు నిమిషాలు. ఇరవై అయిదు మందిని ఎంపిక చేస్తే రెండు గంటల అయిదు నిమిషాలు, ఎవరూ మాట్లాడకుండానే. అయిదారుగురు దాటితే సభ సగంలో హాలు ఖాళీ అవుతుంది, ఆఖరివారికి చప్పట్లు కొట్టేది వాళ్లింటివాళ్లే. ప్రశంసాపత్రం 150 మాటలు మించకూడదు, అందులో 'బహుముఖ ప్రజ్ఞాశాలి' ఉండకూడదు. పత్రంలోని పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టి చదివినా పత్రం సరిపోయిందంటే అది పనికిరాదని గుర్తు. 'గణాంకశాస్త్రానికి విశేష సేవలందించిన సి.ఆర్. రావు' అంటే ఏం తెలుస్తుంది? 'ఉన్న సమాచారంతో ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దు ఉందని ఇరవై అయిదేళ్ల వయసులో రుజువు చేశారు' అంటే వెనక వరసలోని విద్యార్థి కూడా తలెత్తుతాడు. ఆయన 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసినవారు, ఆ హద్దును ఇవాళ క్రామర్–రావు పేరుతో ప్రపంచమంతా పాఠంగా చెబుతోంది.

భవనాలకు పేర్లు పెట్టడం వేరే లెక్క. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, సి.ఆర్. రెడ్డి స్నాతకోత్సవ మందిరం, రెండూ మాజీ ఉపకులపతుల పేర్లే. సి.ఆర్. రెడ్డి, అంటే కట్టమంచి రామలింగారెడ్డి, 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవి వదిలేసిన మనిషి. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా నడిపారు. అలాంటి పేరు గోడ మీద ఉంటే అది పాఠం కూడా. కానీ పేరు ఎప్పటిదాకా ఉంటుందో ఉత్తర్వులో రాయాలి. భవనం కూలగొట్టి కొత్తది కడితే పేరు దానికి వెళ్తుందా, లేదా? ఇచ్చిన పేరు వెనక్కి తీసుకోవలసి వస్తే ఎవరు తీసుకోవాలి? యేల్ విశ్వవిద్యాలయం ఈ ప్రశ్నను ఎదుర్కొంది. బానిసత్వాన్ని సమర్థించిన జాన్ కాల్హూన్ పేరు ఒక కాలేజీకి ఉండేది. 2016లో మొదట పేరు మార్చబోమని చెప్పి, ఆ తర్వాత ఒక కమిటీ వేసి, పేరు మార్పుకు సూత్రాలు రాయించుకుని, 2017లో గ్రేస్ హాపర్ కాలేజీగా మార్చింది. కాల్హూన్ యేల్ పట్టభద్రుడే, కంప్యూటర్ శాస్త్రవేత్త హాపర్ యేల్‌లో 1934లో పీహెచ్‌డీ చేసినావిడే. ముందు సూత్రాలు, తర్వాత నిర్ణయం. ఆ వరస తిరగబడితే ప్రతి ప్రభుత్వ మార్పుకూ ఒక బోర్డు మారుతుంది. గౌరవ పట్టాలకూ ఇది వర్తిస్తుంది: ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం 1984లో జింబాబ్వే నేత రాబర్ట్ ముగాబేకు ఇచ్చిన పట్టాను 2007లో రద్దు చేయగలిగింది.

ఇక సమయం. గిడుగు రామమూర్తికి కళాప్రపూర్ణ 1938లో వచ్చింది, 1940 జనవరిలో ఆయన పోయారు. చిలకమర్తి లక్ష్మీనరసింహానికి 1943లో, ఆయన పోయింది 1946లో. జాషువాకు 1970లో, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆలస్యానికి కారణం చెడ్డ మనసేం కాదు. కమిటీ ఏటా నలుగురైదుగురిని చూస్తుంది, ప్రతిసారీ 'ఈయనకు వచ్చే ఏడు ఇవ్వచ్చు' అనుకుంటుంది. దీనికి విరుగుడుగా నామినేషన్లను మూడేళ్లు సజీవంగా ఉంచాలి, డెబ్బై అయిదు దాటినవారి ఫైళ్లు ప్రతి సమావేశంలో ముందుగా చూడాలి. రాలేని స్థితిలో ఉన్నవారి దగ్గరికి విశ్వవిద్యాలయమే వెళ్లేలా నిబంధనల్లో 'ప్రత్యేక స్నాతకోత్సవం ఇతర స్థలంలో జరపవచ్చు' అని రాసుకోవాలి.

ఆక్స్‌ఫర్డ్ ఒకసారి అదే చేసింది. ఆరోగ్యం దెబ్బతిన్న ఠాగూర్ కోసం 1940 ఆగస్టు 7న శాంతినికేతన్‌లోనే స్నాతకోత్సవం జరిపింది. దాని తరఫున వెళ్లినవారిలో అప్పటి ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయర్‌తో పాటు, అంతకు నాలుగేళ్ల ముందు వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. ప్రశంసాపత్రం లాటిన్‌లో చదివారు. ఠాగూర్ సంస్కృతంలో బదులిచ్చారు. సరిగ్గా ఏడాదికి, 1941 ఆగస్టు 7న, ఆయన లేరు.